పిల్లికి ఏ ప్యాకెట్ కొనాలి? కిడ్నీ జబ్బు ఉంటే ఏం పెట్టాలి?

మా ఇంట్లో రెండేళ్ల పర్షియన్ పిల్లి ఉంది. డ్రై ఫుడ్ ప్యాకెట్ మీద ప్రోటీన్ 32 శాతం అని, పౌచ్ మీద 9 శాతం అని రాసి ఉంది. పౌచ్ ఖరీదూ ఎక్కువే. డ్రై ఫుడ్డే నయం కదా డాక్టర్ గారూ?
- ఒక పాఠకురాలు, విజయవాడ

ఆ రెండు అంకెల్నీ ఉన్నవి ఉన్నట్టు పోల్చకండమ్మా. పౌచ్‌లో ఎక్కువ భాగం నీళ్లే. తేమ 82 శాతం అని ఉంటే మిగిలేది 18 పాళ్లు. అందులో 9 ప్రోటీన్ అంటే సరిగ్గా సగం. డ్రై ఫుడ్‌లో తేమ 10 శాతమే కాబట్టి 90 పాళ్లలో 32, అంటే దాదాపు 36 శాతం. పౌచ్‌లోనే ప్రోటీన్ ఎక్కువన్నమాట. పైగా పిల్లులకు దాహం తక్కువ. గిన్నెలో నీళ్లు పెట్టినా చాలినన్ని తాగవు. రెండూ కలిపి పెట్టగలిగితే మంచిది.

ప్రోటీన్ కంటే ముందు నేను వెతికేది ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అన్న మాట, అది ఏ వయసు పిల్లికి అన్న వివరం. ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది చిరుతిండి. రోజూ అదొక్కటే పెడితే పిల్లి నష్టపోతుంది. టారిన్ అనే పోషకాన్ని పిల్లి ఒళ్లు తనకు చాలినంత తయారు చేసుకోలేదు. పిల్లుల్లో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బుకు టారిన్ లోపం కారణమని అమెరికాలోని డేవిస్ పశువైద్య పరిశోధకులు 1987లో తేల్చారు. ఆ పిల్లులు తిన్నది కంపెనీ తిండే. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ పాళ్లు పెంచాయి. కుక్కల ఫుడ్‌లో టారిన్ ఉండాలన్న నియమం లేదు, అందుకే అది పిల్లికి పెట్టకూడదు.

పెద్ద బస్తా విప్పి కిలోల లెక్కన కవర్లలో పోసి అమ్మే ఫుడ్ కొనకండి. గాలి తగిలి అందులోని కొవ్వు చెడుతుంది, చదవడానికి లేబులూ ఉండదు. ఇంకొక మాట. పర్షియన్లలో కిడ్నీల్లో నీటితిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బు ఉంది. మీ పిల్లికి ఒకసారి అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించండి.

మా పిల్లికి పన్నెండేళ్లు. క్రియాటినిన్ 3.4 వచ్చింది. డాక్టర్ గారు రాసిన కిడ్నీ ఫుడ్ వాసన చూసి వెళ్లిపోతోంది. రెండు రోజులు పస్తు పెడితే అదే తింటుందని మా అన్నయ్య అంటున్నాడు. పోనీ ప్రోటీన్ తగ్గుతుందని పెరుగన్నం పెట్టనా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

పస్తు మాత్రం పెట్టకండి. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయంలో చేరి ప్రాణం మీదికి వస్తుంది. లావుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. కిడ్నీ ఫుడ్ తినక నీరసించే పిల్లి కంటే, మామూలు ఫుడ్ తింటున్న పిల్లి ఎన్నో రెట్లు మెరుగైన స్థితిలో ఉన్నట్టు.

3.4 అంటే నాలుగు దశల్లో మూడోది. అయితే ఒంట్లో నీరు తగ్గినప్పుడు కూడా క్రియాటినిన్ పెరుగుతుంది. రెండోసారి రక్తం, దాంతోపాటు మూత్రం, బీపీ చూపించారా? లేకపోతే చూపించండి.

కిడ్నీ ఫుడ్‌లో అసలు సంగతి ప్రోటీన్ కాదు, ఫాస్ఫరస్. దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పేరుకున్న ఫాస్ఫరస్ ఆ కిడ్నీనే ఇంకా పాడుచేస్తుంది. ప్రోటీన్ కొంత తగ్గిస్తారు, కానీ మరీ తగ్గితే కండ కరిగిపోతుంది. పెరుగన్నంలో పిల్లికి చాలినంత ప్రోటీనూ లేదు, టారినూ లేదు. ఎండుచేపలు ఇస్తుంటే మానేయండి, వాటిలో ఉప్పూ ఫాస్ఫరసూ రెండూ ఎక్కువే.

ఇక అలవాటు చేసే పద్ధతి. వాంతులు, వికారం ఉంటే ముందు వాటికి మందు వాడి, ఆకలి తిరిగి వచ్చాకే కొత్త ఫుడ్ మొదలుపెట్టాలి. వికారంగా ఉన్నప్పుడు పెట్టిన ఫుడ్‌ను పిల్లి తర్వాత కూడా ముట్టదు. పాత ఫుడ్ పక్కనే మరో గిన్నెలో కొత్తది కొంచెం ఉంచండి. ముట్టడం మొదలుపెట్టాక పాతదాంట్లో చెంచా చొప్పున కలుపుతూ పోండి. నెల పట్టినా తొందరపడకండి. వెట్ ఫుడ్ గోరువెచ్చగా చేస్తే వాసన పైకి వస్తుంది. మాత్రలు మాత్రం ఇందులో కలపకండి. రాయల్ కానిన్, హిల్స్, ఫార్మినా మూడూ కిడ్నీ ఫుడ్ చేస్తాయి. ఒకటి నచ్చని పిల్లికి ఇంకొకటి నచ్చవచ్చు.

ఏదీ తినకపోతే, మామూలు ఫుడ్డే పెడుతూ ఫాస్ఫరస్‌ను పేగుల్లోనే పట్టి ఉంచే మందు ఉంది. మీ డాక్టర్ గారిని అడగండి. అది తిండితో కలిపి ఇస్తేనే పనిచేస్తుంది. వారానికోసారి బరువు తూచి రాసుకోండి. నెల, నెలన్నర తర్వాత రక్తపరీక్షలో ఫాస్ఫరస్ 5 లోపు ఉండాలి.

ఇంట్లో కిడ్నీ జబ్బున్న ముసలి పిల్లి, నాలుగు నెలల పిల్ల ఉన్నాయి. రెండింటికీ కిడ్నీ ఫుడ్డే పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

వద్దు. ఎదిగే పిల్లకు ఎముకలకూ కండకూ ఫాస్ఫరస్, ప్రోటీన్ బాగా కావాలి. పిల్ల ఎప్పుడైనా నాలుగు గింజలు తింటే కంగారు పడకండి. ముసలిది పిల్ల గిన్నె ఖాళీ చేయడమే అసలు నష్టం, పిల్లల ఫుడ్‌లో ఫాస్ఫరస్ ఎక్కువ. వేళ పెట్టుకుని వేర్వేరు గదుల్లో పెట్టండి. అరగంటయ్యాక రెండు గిన్నెలూ తీసేయండి, ముసలిది సరిగా తినకపోతే కాసేపాగి దాని గది తలుపు వేసి మళ్లీ పెట్టండి.