బేస్ ఆంప్ ఆలస్యంగా పలుకుతోందా? విప్పకుండానే చూద్దాం

మైలవరం చుట్టుపక్కల చర్చి పాటల బృందాల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కొత్తగా బేస్ గిటార్ పట్టిన కుర్రాళ్లు తరచూ అడిగేది ఒకటే. "అన్నా, స్విచ్ వేసినా ఆంప్ వెంటనే పలకట్లేదు, విప్పి చూద్దామా?" విప్పొద్దు. కనుక్కోవాల్సిన వాటిలో చాలావరకు బయటినుంచే తెలిసిపోతుంది.

ముందు ఒక సంగతి. ఆంపులు చాలావరకు కావాలనే కాసేపు ఆగుతాయి. స్విచ్ వేసిన తొలి క్షణాల్లో లోపలి వోల్టేజీలు ఇంకా కుదురుకోవు. ఆ కుదుపు నేరుగా స్పీకరుకు వెళ్తే "ధబ్" మంటుంది, ఒక్కోసారి కాయిల్ పోతుంది. అందుకని చాలా ట్రాన్సిస్టర్ ఆంపుల్లో స్పీకరుకు ముందు ఒక రిలే పెడతారు. అది రెండు మూడు సెకన్లు, కొన్నిట్లో ఐదు దాకా ఆగి, "టక్" మని కలుస్తుంది. వాల్వు ఆంపుల్లో ఫిలమెంట్లు వేడెక్కడానికే అర నిమిషం పట్టొచ్చు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ లాంటి వాటికి ఇందుకోసం స్టాండ్‌బై స్విచ్ కూడా ఉంటుంది. ఇప్పటి తేలికపాటి క్లాస్-డి ఆంపులైతే తమను తాము సరిచూసుకున్నాకే మ్యూట్ వదులుతాయి. కాబట్టి మనం చూడాల్సింది ఆలస్యం ఉందా లేదా అని కాదు, కొన్నప్పటికంటే పెరిగిందా అని.

కావలసినవి

- ఫోనులో స్టాప్‌వాచ్, ఒక కాగితం, పెన్ను
- బాగా పనిచేస్తుందని తెలిసిన గిటార్ కేబుల్ ఒకటి, పొట్టి ప్యాచ్ కేబుల్ ఒకటి
- ఎర్త్ ఉన్న గోడ సాకెట్
- వోల్టేజి అంకె కనిపించే స్టెబిలైజర్ (పక్కింట్లో అడిగి తెచ్చుకున్నా సరే)
- యాక్టివ్ బేస్ అయితే కొత్త 9 వోల్టుల బ్యాటరీ
- కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే

స్క్రూడ్రైవర్ ఈ జాబితాలో లేదు, గమనించండి.

చేసే పద్ధతి

1. వాల్యూమ్, గెయిన్ రెండూ సున్నాకు తెద్దాం. పెడళ్లన్నీ పీకేసి, గిటార్‌ను ఒకే కేబుల్‌తో ఆంపుకు కలుపుదాం. ఆంపు ప్లగ్గును జంక్షన్ బాక్సులో కాకుండా గోడ సాకెట్లో పెడదాం. ఆంపు వేరు, క్యాబినెట్ వేరు అయితే స్పీకర్ వైరు గట్టిగా దిగిందో లేదో చూద్దాం. వాల్వు ఆంపును స్పీకర్ లేకుండా ఎప్పుడూ ఆన్ చేయకూడదు.

2. రాత్రంతా ఆపి ఉంచిన ఆంపును పొద్దున్నే ఆన్ చేసి, వాల్యూమ్ కొంచెం, కొంచెమే, పెంచుదాం. ఒక చేత్తో తీగ మీటుతూ మూడు సమయాలు రాసుకుందాం: లైటు ఎప్పుడు వెలిగింది, "టక్" ఎప్పుడు వినిపించింది, శబ్దం ఎప్పుడు వచ్చింది. ఈ వరస తప్పకూడదు, తర్వాత లెక్కంతా దీనిమీదే.

3. ఆంపు వేడెక్కేదాకా కాసేపు వాయించి, ఆపేసి, ఒకట్రెండు నిమిషాలు ఆగి మళ్లీ అదే చేద్దాం. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఆలస్యం, వేడెక్కాక తక్కువ అయితే లోపల ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను గట్టిగా అనుమానించాలి.

4. ఇప్పుడు వోల్టేజి. మనకు రావాల్సింది 230. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పక్కనే ఉన్నా, లైను చివరనున్న ఇంటికి ఎండాకాలం సాయంత్రం వచ్చే కరెంటు వేరు. అంకె 200 కంటే దిగిపోతుంటే ఆంపును తిట్టి లాభం లేదు. పందిళ్లలో సన్న వైరును చాలా దూరం లాగినా, జనరేటర్ ఊగిసలాడినా ఇదే తంతు. ఇంట్లో బాగుండి పందిట్లోనే ఆలస్యమైతే సౌండ్ అతన్ని మందం వైరు అడగండి.

5. గిటార్ బ్యాటరీ మార్చి చూద్దాం. వీలుంటే ఫోనును ఆక్స్ ఇన్‌పుట్‌కు కలిపి పాట పెడదాం. పాట వెంటనే వచ్చి గిటార్ రాకపోతే లోపం గిటార్ వైపో, ఆంపు ముందు భాగంలోనో ఉంది.

6. వెనక సెండ్, రిటర్న్ జాకులుంటే ఆ రెంటినీ ప్యాచ్ కేబుల్‌తో కలుపుదాం. శబ్దం ఠపీమని వచ్చిందా? రిటర్న్ జాకు లోపలి కాంటాక్టు నల్లబడింది. ఆంపు ఆపి, ప్లగ్గు తీసి, జాకులో క్లీనర్ కొట్టి, ప్లగ్గును నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడిద్దాం. స్ప్రే ఆరేదాకా ఆన్ చేయొద్దు.

రాసుకున్నది ఏం చెబుతోంది?

లైటే ఆలస్యంగా వెలిగినా, మినుకుమినుకుమన్నా లోపం పవర్ సప్లైలో ఉంది. లైటు వెంటనే వెలిగి "టక్" ఆలస్యమైతే రిలేను ఆపి ఉంచే టైమింగ్ సర్క్యూట్‌ను చూపించాలి. అందులోని చిన్న కెపాసిటర్ లీకైతే సమయం సాగుతుంది.

"టక్" సమయానికే వినిపించి శబ్దం మాత్రం రాకపోవడం పాత ఆంపుల్లో మామూలే. లావుపాటి ఇ తీగను గట్టిగా మీటితే గరగరమని, ఉన్నట్టుండి మొత్తం వచ్చేస్తుంది. ఎక్కువ సందర్భాల్లో అది రిలే కాంటాక్టుల మీది మసి. కొత్త రిలే ఖరీదైనదేమీ కాదు.

"టక్" మన్న క్షణాన స్పీకర్ కోన్‌ను కూడా చూడండి. అది ముందుకో వెనక్కో జరిగి అక్కడే నిలిచిపోతే స్పీకరుకు డీసీ వెళ్తున్నట్టే. వెంటనే ఆపేయాలి, మళ్లీ వేయకూడదు.

సాధారణంగా చేసే తప్పులు

- శబ్దం రాలేదని వాల్యూమ్ తిప్పుకుంటూ పోవడం. రిలే కలిసిన మరుక్షణం స్పీకరూ చెవులూ రెండూ అదురుతాయి.
- స్విచ్ టకటకా వేసి తీయడం. వేసిన ప్రతిసారీ లోపలికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు దూసుకొస్తుంది. తీశాక కాస్త ఆగి వేయాలి.
- ఫ్యూజు పోతే పెద్దది పెట్టడం, సిగరెట్ రేకు చుట్టడం. పోయిన దానిమీద రాసి ఉన్న అంకే మళ్లీ పెట్టాలి. మళ్లీ పోతే మెకానిక్ దగ్గరికే.
- గుయ్‌మనే శబ్దం పోతుందని ఎర్త్ పిన్ను తీసేయడం. చేతిలో లోహపు తీగలున్నాయని మరిచిపోకండి.
- ప్లగ్గు తీశాం కదా అని మూత విప్పడం. ఎస్‌ఎంపీఎస్ ఉన్న ఆంపులో పెద్ద కెపాసిటర్ల మీద 300 వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలుస్తుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం, పవర్ కార్డు, స్పీకర్ వైరు వెంట తీసుకెళ్లండి. "సౌండ్ రావట్లేదు" అనకండి. "లైటు వెంటనే వెలుగుతోంది, టక్ మాత్రం పొద్దున పూట బాగా ఆలస్యం, వేడెక్కాక మామూలే" అనండి. విజయవాడ దాకా మోసుకెళ్లాల్సి వస్తే దుకాణంలో వాళ్లు వేసి చూసేలోపు ఆంపు చల్లబడే వీలుండాలి, అందుకని బయల్దేరే ముందు వాయించకండి.