అన్నప్రాశన సంస్కారము – కాలద్రవ్య విచారము

1. ఉపోద్ఘాతము

షోడశ సంస్కారములలో శిశువును స్తన్యమునుండి లోకాహారమునకు ప్రవేశపెట్టునది అన్నప్రాశనము. కృష్ణా కాలువల నీటితో వరి పండు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఈ శుభకార్యము నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. కొందఱు ఇంటనే జరుపుకొందురు. కొందఱు ఊరి దేవాలయమునందో, రేపల్లెకు కృష్ణానది ఆవలనున్న మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధియందో జరుపుకొందురు. సూత్రకారులు తండ్రికి విధించిన ఈ కర్మలో తెనుగువారు మేనమామకు కూడ చోటిచ్చిరి. పరమాన్నమున ముంచిన బంగారుటుంగరమును ఆయన శిశువు నాలుకకు తాకించును. పిమ్మట పుస్తకము, కలము, బంగారము మున్నగువానిని ఎదుట నుంచి, శిశువు దేనిని పట్టునో చూచి మురిసిపోవుదురు. ఈ జీవికాపరీక్షకు మార్కండేయవచనము ఆధారమని నిబంధకారులు చెప్పిరి.

కర్మప్రయోగము పురోహితులకు కరతలామలకము కనుక ఇచ్చట దానిని వివరింపను. నేను విచారింపదలచినవి రెండు ప్రశ్నలు మాత్రమే: ప్రాశనము ఏ కాలమున? ఏ ద్రవ్యముతో? ఆఱు నెలలు నిండక పూర్వము అన్నము వలదనియు, ఏడాది నిండక పూర్వము తేనె నాకింపరాదనియు పిల్లల వైద్యులు చెప్పుచున్నారు. ఆడపిల్లకు అయిదవ మాసమనియు, ప్రాశనద్రవ్యమున తేనె ఉండవలెననియు ఇంటి పెద్దలు చెప్పుచున్నారు. నడుమ తల్లిదండ్రులు ఎవరో ఒకరి మాట విడువవలసి వచ్చుచున్నది. శాస్త్రమును చక్కగా చూచినచో అట్లు విడువవలసిన పని లేదని నా ప్రతిపాదన.

2. శబ్దవిచారము

అన్నశబ్దము భక్షణార్థకమగు అద్ ధాతువునుండి పుట్టినది. అష్టాధ్యాయి ద్వితీయాధ్యాయ చతుర్థపాదమందలి 36వ సూత్రమును బట్టి ఈ ధాతువునకు క్తప్రత్యయము పరమగునపుడు 'జగ్ధ' రూపము రావలసియుండును. అయినను పాణిని తానే 3-2-68, 4-4-85 సూత్రములలో అన్నశబ్దమును ప్రయోగించినాడు కనుక దాని సాధుత్వము సిద్ధము. తినబడునదియు, తినునదియు అన్నమే యని తైత్తిరీయోపనిషత్తు ఆనందవల్లిలో చేసిన నిర్వచనము ఇచ్చట స్మరింపదగినది. మితము తప్పిన అన్నము భోక్తనే భక్షించును. శిశువు విషయమున ఈ మాట మఱింత జాగ్రత్తతో గ్రహింపవలెను.

'ప్రాశనము' అనుదానిలో ప్రోపసర్గ ఆదికర్మను, అనగా పని మొదలిడుటను, తెలుపునని గ్రహించుట యుక్తము. కర్మకాండమున ఈ పదము వచ్చు తావులను చూడుడు. హవిశ్శేషప్రాశనము, పంచగవ్యప్రాశనము - అంతటను అల్పమాత్రయే కాని కడుపునిండ తినుట లేదు. కావున అన్నప్రాశనము భోజనము కాదు, భోజనమునకు ఉపక్రమము. సంస్కారము వేఱు, పోషణము వేఱు. మొదటిది ఒకనాటి పని, రెండవది ఆనాటినుండి రెండేండ్లు సాగవలసిన వ్రతము. ఈ భేదమును మఱచుటయే పైని చెప్పిన చిక్కునకు మూలము.

3. గృహ్యసూత్రములందలి కాలము

ఈ ప్రాంతమున అధికసంఖ్యాకులు ఆపస్తంబసూత్రులు. ఆపస్తంబుడు జన్మమునుండి ఆఱవ మాసమున బ్రాహ్మణభోజనము, ఆశీర్వచనము అయిన పిదప పెరుగు, తేనె, నేయి, అన్నము కలిపి కుమారునిచే ప్రాశనము చేయింపవలెనని విధించెను. ఆశ్వలాయన, పారస్కర, శాంఖాయనులును ఆఱవ మాసమునే చెప్పిరి. మనుయాజ్ఞవల్క్యులకును అదియే సమ్మతము. మనువు కులాచారమునకు కూడ అవకాశమిచ్చెను.

ఆడపిల్లకు అయిదవ మాసమనుట ఎక్కడిది? ఆశ్వలాయనుడు కుమారికి మంత్రములు లేక క్రియామాత్రము జరుపుమనెనే కాని మాసమును మార్చలేదు. మగపిల్లలకు ఆఱు మొదలు సరిమాసములు, ఆడపిల్లలకు అయిదు మొదలు బేసిమాసములు అను విభాగము ముహూర్తచింతామణి మున్నగు జ్యోతిషగ్రంథములది. ఆ గ్రంథములైనను అయిదవ మాసముననే చేయవలెనని నిర్బంధింపలేదు. ఏడు, తొమ్మిది మాసములును వానికి సమ్మతములే.

ఇక లెక్క చూడవలెను. 'ఆఱవ మాసము' అనగా నడచుచున్న ఆఱవ నెల. అప్పటికి నిండినవి అయిదే. అట్లే ఆడపిల్లకు నడచుచున్న అయిదవ నెలలో అన్నము మొదలిడినచో నిండినవి నాలుగు నెలలే. ఏడవ మాసమును గ్రహించినచో ఆఱు నెలలు నిండును, జ్యోతిషనియమమును దక్కును. ఇంతకంటె సుకరమైన సమన్వయము వేఱొండు లేదు. మగపిల్లవానికి సూత్రోక్తమైన ఆఱవ మాసము తుదిదినములలో సంస్కారము జరిపి, ప్రాశనమాత్రముతో ఆపి, ఆఱు నెలలు నిండిన పిదప దినదినము ఆహారమును అలవాటు చేయవచ్చును.

దీనికి విపరీతమైన దోషము మఱొకటి కలదు. మూఢమి వచ్చినదనియో, అధికమాసమనియో సంస్కారమును వాయిదా వేసి, అది జరుగువఱకు అన్నము ముట్టింపరాదని ఎనిమిది, తొమ్మిది నెలలు శిశువును పాలమీదనే ఉంచుట. మాసనియతములైన గర్భాధానాద్యన్నప్రాశనాంత కర్మలకు స్వకాలమున చేయునపుడు గురుశుక్రమౌఢ్యము, మలమాసము బాధకములు కావని ధర్మసింధువు మున్నగు నిబంధనల మతము. కావున మూఢమిని సాకుగా చూపి బిడ్డను పస్తుంచుట శాస్త్రమునకు విధేయత కాదు, శాస్త్రమును చదువకపోవుట.

4. ఆయుర్వేద సంవాదము

సుశ్రుతుడు శారీరస్థానము పదవ అధ్యాయమున ఆఱు నెలల శిశువునకు లఘువు, హితము అయిన అన్నమును పెట్టుమనెను. 'షణ్మాస' శబ్దము వయఃపరిమాణమును తెలుపును గనుక ఆఱు నెలలు నిండిన శిశువని గ్రహించుట సమంజసము. ఆయనయే సూత్రస్థానము 35వ అధ్యాయమున బాలురను మూడు విధములుగా విభజించెను: ఏడాది వఱకు క్షీరపులు, రెండేండ్ల వఱకు క్షీరాన్నాదులు, ఆ పైని అన్నాదులు.

ఆఱవ నెల నిండగానే అన్నము పెట్టుమన్నవాడు ఏడాది వఱకు శిశువును క్షీరపుడని ఏల పిలిచెనని ఆశంక కలుగవచ్చును. వ్యపదేశము ప్రాధాన్యమును బట్టి జరుగునని దీనికి సమాధానము. మొదటి ఏట పాలు ప్రధానము, అన్నము దానికి అంగము. రెండవ ఏట రెండును సమప్రధానములు. పిదప అన్నమే ప్రధానము. 2001 మే మాసమున ప్రపంచ ఆరోగ్య సభ చేసిన తీర్మానము ఆఱు నెలల వఱకు తల్లిపాలు మాత్రమే యనియు, పిదప తల్లిపాలతోపాటు అనుపూరకాహారమనియు, స్తన్యము రెండేండ్లు, ఆ పైని కూడ సాగవచ్చుననియు చెప్పినది. సుశ్రుతుని మూడు మెట్లును ఇందు కనబడుచున్నవి. అన్నము వచ్చినంతనే పాలు మాన్పరాదన్నది ఉభయుల హృదయము.

కాశ్యపసంహిత ఒక విశేషమును చెప్పుచున్నది. నేపాళమున దొరకిన తాళపత్రప్రతినుండి 1938లో అచ్చయిన ఈ కౌమారభృత్యగ్రంథము ఆఱవ మాసమున ఫలప్రాశనమును, దంతములు మొలచిన పిదప లేక పదవ మాసమున అన్నప్రాశనమును విధించెను. ఇది విరోధము వలె తోచినను విరోధము కాదు. స్తన్యేతరాహారమునకు ఆఱవ మాసమే ఆరంభమని ఈ మునికిని సమ్మతము. మెత్తని పండు ముందు, ధాన్యము వెనుక అను క్రమమే అధికము. దీనిని పట్టుకొని పదవ నెల వఱకు ఏమియు పెట్టకుండుట అపార్థము.

ఆఱు నెలలే ఏల? అప్పటికి శిశువు మెడ నిలుపును, ఆసరాతో కూర్చుండును, నోటిలో పెట్టినదానిని నాలుకతో వెలికి నెట్టు సహజలక్షణము తగ్గును. పుట్టుకతో దేహమున నిలువయుండిన ఇనుము సన్నగిల్లును. తల్లిపాలు మాత్రమే పెరుగుదలకు చాలవు. ముందుగా పెట్టినచో స్తన్యపానము తగ్గి అతిసారభయము హెచ్చును. ఆలస్యము చేసినచో రక్తహీనత, కార్శ్యము. కాలనియమమునకు ఇది దృష్టప్రయోజనము.

5. ద్రవ్యవిచారము – తేనె

ఆపస్తంబోక్తమైన నాలుగు ద్రవ్యములలో మూడింటియెడ వివాదము లేదు. తేనె యొక్కటే విచారణీయము. తిత్తిరిపక్షి మాంసము కొందఱి మతమని ఆపస్తంబుడే చెప్పెను. ఇతర సూత్రములలోని మేకమాంసాదులు ఫలకామన ననుసరించి విధింపబడినవి. అవి ఈ ప్రాంతపు ప్రయోగమునుండి తొలగిపోయినను సంస్కారము చెడినదని ఎవరును అనలేదు.

పూర్వపక్షము: తేనె విధివిహితము; తరతరములుగా బిడ్డలు ఒక్క చుక్క నాకుచున్నారు; ఎవరికేమైనది?

సిద్ధాంతము: తేనెలో బొట్యులినం అను సూక్ష్మజీవి బీజములు ఉండవచ్చును. పెద్దల ప్రేగులలో అవి మొలకెత్తవు. ఏడాది నిండని శిశువు ప్రేగులలో మొలకెత్తి విషమును పుట్టించి, కండరములను సడలించి, ఊపిరికి ముప్పు తేగలవు. ఈ వ్యాధిని వైద్యులు 1976లో గుర్తించిరి. మామూలుగా కాచినందున ఆ బీజములు నశింపవు. ఇది అరుదైన వ్యాధియే. కాని ఏ చుక్కలో ఉన్నదో కంటికి తెలియదు. పూర్వులకు కారణము తెలియక పోయిన మరణమును 'ఎవరికేమైనది' అను మాట లెక్కింపజాలదు.

విధి యేమగును? సంస్కారమున శిశువు సంస్కార్యుడు. ద్రవ్యము అతనికొఱకు, అతడు ద్రవ్యముకొఱకు కాడు. గుణము లోపించినను ప్రధానకర్మ లోపింపదని మీమాంసకుల న్యాయము. విహితద్రవ్యము ప్రయోగార్హము కానపుడు సదృశమును ప్రతినిధిగా గ్రహించు పద్ధతిని జైమిని ఆఱవ అధ్యాయ తృతీయపాదమున విచారించెను. దొరకని ద్రవ్యమునకు చెప్పిన ప్రతినిధి దొరకియు హానికరమైనదానికి చెల్లునా యని అడుగవచ్చును. సంస్కార్యునికి హాని చేయునది సంస్కారమునకు సాధనము కాజాలదు. సాధనము కానిది ఉన్నను లేనట్లే. తేనె దొరకనిచోట పాతబెల్లమును భావమిశ్రుడు భావప్రకాశమున ప్రతినిధిగా చెప్పియేయున్నాడు. కావున పెరుగు, నేయి, అన్నములలో బెల్లపునీటి చుక్క చేర్చి మంత్రపూర్వకముగా నాకించినచో కర్మకు లోపము లేదు. జాతకర్మయందు తేనె నేతులు నాకించుచోటను ఇదే న్యాయము వర్తించును.

ద్రవ్యముల హితాహితవిచారము మనకు క్రొత్త కాదు. తేనె నేతులు సమభాగములుగా కలిసినచో విరుద్ధమని చరకుడే చెప్పెను. వాగ్భటుడు మోరటిపప్పు, అతిమధురము, తేనె, పేలాలు, చక్కెరలతో చెప్పిన మోదకము దంతములు వచ్చి స్తన్యము మానిన బిడ్డకు గాని, ఆఱు నెలల పసికందుకు కాదు. ఆ వచనమును ఇచ్చట ప్రమాణముగా చూపరాదు.

6. ప్రాశనానంతరము – ఉగ్గు

సంస్కారము ముగిసిన మఱునాటినుండి అసలు పని మొదలగును. మన ప్రాంతమున దీనికి ఉగ్గు అను చక్కని మాట కలదు. పూర్వము ఆముదము, చనుబాలు కలిపి పట్టు మందును కూడ ఉగ్గు అనెడివారు. నేడు బియ్యము, పెసరపప్పు దోరగా వేయించి విసరి, ఆ రవ్వను మెత్తగా ఉడికించి నేతిచుక్కతో పెట్టునది ఉగ్గు. బియ్యమునకు పప్పు తోడగుట మాంసకృత్తుల దృష్ట్యా ఉత్తమము. బాపట్ల పరిశోధనకేంద్రమున రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, అనగా సాంబమసూరి, సన్నదనమువలన ఉగ్గునకు తగినదే. కాని ఎంత మేలిబియ్యమైనను ఒంటిగా చాలదు.

ఇచ్చట తఱచు జరుగు పొరపాటు పలుచదనము. గంజి, పప్పుకట్టు మాత్రమే పట్టినచో చిన్న కడుపు నీటితో నిండునే కాని బలము చేరదు. చెంచాను వంచినపుడు జాఱిపోక నిలుచునంత చిక్కదనము ఉండవలెను. మొదట రెండు మూడు చెంచాలు. ఎనిమిది నెలలు నిండువఱకు దినమునకు రెండు మూడు మాఱులు, పిదప మూడు నాలుగు మాఱులు. తల్లిపాలు కాక ఆహారమునుండి ఆఱు-ఎనిమిది నెలలలో సుమారు 200, తొమ్మిది-పదునొకండు నెలలలో 300, రెండవ ఏట 550 కెలోరీలు అందవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నిత్యాహారమున ఉప్పు, చక్కెర, బెల్లము చేర్పనక్కరలేదు.

పారస్కరుడు సర్వరసములను, సర్వాన్నములను ఒక్కచోట చేర్చి ప్రాశనము చేయింపుమనెను. ఒక్క అన్నమునకే బిడ్డను కట్టివేయరాదను వైవిధ్యసూచన ఇందు కలదని నా అభిప్రాయము. ఆకుకూర, గుమ్మడి, అరటిపండు, మామిడిపండు మెత్తగా చేసి ఒక్కొక్కటిగా అలవాటు చేయవలెను. మాంసాహారుల ఇండ్లలో గ్రుడ్డు, నిజాంపట్నపు రేవునుండి వచ్చు చేప ముండ్లు తీసి మెత్తగా ఉడికించి పెట్టుట వైద్యసమ్మతము. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద అంగన్‌వాడీలు ఈ దిశగా పనిచేయుచున్నవి. 2018లో వచ్చిన పోషణ్ అభియాన్ అన్నప్రాశన దినమును సామూహిక కార్యక్రమముగా చేసినది. ఒకప్పుడు మంత్రాధికారము గల ఇండ్లకే పరిమితమైన సంస్కారనామము నేడు ప్రతి బిడ్డకును దక్కుట హర్షింపదగినది.

7. నిర్ణయము

ఇంతవఱకు చేసిన విచారమువలన తేలిన అంశములివి. అన్నప్రాశనము ఉపక్రమకర్మ, దానితోడనే స్తన్యము మానదు, దానికై పోషణము ఆగదు. ఆడపిల్లకు ఏడవ మాసము సర్వసమ్మతము. మగపిల్లవానికి ఆఱవ మాసాంతమున సంస్కారము, ఆఱు నెలలు నిండినంతనే నిత్యాహారారంభము. స్వకాలమున మౌఢ్యాదిదోషము లేదు. ఏడాది లోపల తేనె వలదు, పాతబెల్లము ప్రతినిధి.

ప్రాచ్యకళాశాలలలో గృహ్యసూత్రములు చెప్పు అధ్యాపకులు కౌమారభృత్యప్రకరణములను కూడ ప్రక్కన పెట్టి పాఠము చెప్పినచో, రేపటి పురోహితుడు పీటలమీద కూర్చున్న తల్లికి సంశయము తీర్చగలవాడగును. వైద్యుని మాటను, పురోహితుని మాటను ఆమె వేఱువేఱుగా వినవలసిన అగత్యము ఉండదు. ప్రయోగవృత్తులలో ఇందుకు భిన్నమైన ప్రమాణములు పండితుల దృష్టికి వచ్చియున్నచో ఈ పత్రికాముఖముననే వెల్లడింతురు గాక.