మూసిన తలుపు, తిరుగు దారి
(ఒక వైజ్ఞానిక కల్పన వీడియో గేమును కథాగ్రంథంగా చదివే ప్రయత్నం)

కథ చెప్పడానికి మానవుడు కల్పించుకొన్న సాధనాలలో మిక్కిలి చిన్న వయస్సు గలది వీడియో గేమ్. సాహిత్యపు తరగతిలో దాని పేరెత్తడమే అపచారమని భావించే పెద్దలున్నారు. వారి భయం నిరాధారం కాదు. సెల్‌ఫోనులో పందెం కాసే ఆటల వలన సంసారాలు గుల్ల అయిన వైనాలు మనం పత్రికలలో చదువుతూనే వచ్చాము. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. అయితే ఆ ఆటలకూ, ఈ వ్యాసంలో నేను పరిశీలించబోయే ఆటకూ మధ్యనున్న దూరం పేకాట క్లబ్బుకూ గ్రంథాలయానికీ మధ్యనున్న దూరం వంటిది. రెండు చోట్లా మనుష్యులు తలవంచుకొని గంటల తరబడి కూర్చొంటారు. అంతమాత్రాన రెండూ ఒకటి కావు.

నేను చెప్పబోయే ఆట పేరు ‘ఆక్సియం వెర్జ్’. 2015 మార్చిలో వెలువడింది. దీనిని నిర్మించినవాడు థామస్ హ్యాప్ అనే అమెరికా దేశీయుడు. కథ, బొమ్మలు, సంగీతం, కంప్యూటరు ప్రోగ్రాము అన్నీ ఆయన ఒక్కడే సమకూర్చాడు. మొదట ఉద్యోగం చేసుకొంటూనే తీరిక వేళలలో ప్రారంభించి, సుమారు ఐదేళ్ళకు పూర్తిచేశాడు. పెద్ద కంపెనీల పెట్టుబడి, ఆజ్ఞలు లేకుండా ఇట్లా తయారయ్యే ఆటలను స్వతంత్ర నిర్మాణాలంటారు. అంతకు ముందు 2004లో జపానులో దైసుకే అమాయా అనే ఆయన కూడా ఒంటరిగా ఐదేళ్ళు శ్రమించి ‘కేవ్ స్టోరీ’ అనే ఆటను రూపొందించి లోకానికి ఉచితంగా ఇచ్చాడు. ఒక ప్రబంధం రాయడానికి కవికి పట్టే కాలం వంటి కాలమే వీరికీ పట్టింది. నాకు మొదట ఆసక్తి కలిగించిన విషయం ఇదే.

ఈ జాతి ఆటల పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలిసికొంటే గాని అసలు విషయం బోధపడదు. 1985లో జపాను కంపెనీ నింటెండో విడుదల చేసిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ మన ఊళ్ళలో కూడా టీవీకి తగిలించి ఆడిన ఆట. నా తరంవారు చిన్నతనంలో ఆ పసుపు పచ్చని క్యాసెట్లను నోటితో ఊది పెట్టెలో దోపినవారే. అందులో కథానాయకుడు ఎడమ నుండి కుడికి, అరుగు మీదినుండి అరుగు మీదికి దూకుతూ పోవడమే పని. వెనుకకు పోబోతే తెర అంచు గోడవలె అడ్డుపడుతుంది. గడిచిన దారి గడిచిపోయినదే. మరుసటి సంవత్సరం, 1986లో, అదే కంపెనీ ‘మెట్రాయిడ్’ అనే వైజ్ఞానిక కల్పన ఆటను తెచ్చింది. అలవాటు చొప్పున కుడివైపు పరుగెత్తినవానికి కొంతదూరం పోగానే ఒక ఇరుకు సందు ఎదురవుతుంది. బంతివలె ముడుచుకొని దొర్లగల శక్తి ఉంటే గాని అందులో దూరడం సాధ్యం కాదు. ఆ శక్తి ఎక్కడున్నది? బయలుదేరిన చోటికి ఎడమవైపున, దాదాపు ఇంటి గుమ్మం పక్కన! ఒక్క మలుపుతో ఆటలోని కాలస్వరూపమే మారిపోయింది. వెనుక అనేది ఒక స్థలంగా మిగిలింది. 1997లో వచ్చిన ‘క్యాసిల్‌వేనియా’ మాలికలోని ఒక ఆట ఈ పద్ధతిని పెద్ద కోటకు అన్వయించింది. ఆ రెండు పేర్లూ సంధి కలిసి ఈ ప్రక్రియకు ‘మెట్రాయిడ్‌వేనియా’ అనే వింత నామం ఏర్పడింది. మన వ్యాకరణ పండితులు ఈ సంధిని ఏ సూత్రం కిందికి తెస్తారో చూడాలి.

ఇక ఆక్సియం వెర్జ్ ఇతివృత్తం. న్యూ మెక్సికోలోని ఒక ప్రయోగశాలలో పేలుడు సంభవిస్తుంది. ట్రేస్ అనే యువశాస్త్రజ్ఞుడు స్పృహ తప్పి, సుద్రా అనే అపరిచిత లోకంలో, గ్రుడ్డు ఆకారం గల ఒక యంత్రంలో కండ్లు తెరుస్తాడు. ఎల్సెనోవా అనే కంఠస్వరం అతనికి ఆయుధం తీసికొమ్మని చెపుతుంది. ఆ కంఠం ఒక మహాకాయ యంత్రానిదని తరువాత తెలుస్తుంది. ఆమె జాతి యంత్రాలు శిథిలమై పడి ఉన్నాయి. లోకంలో జనసంచారం లేదు. ఈ వినాశనానికి కారకుడు అథెటోస్ అని ఆమె చెపుతుంది. చెప్పేది సత్యమా, కాదా? ట్రేసుకు తెలియదు, ఆడేవారికీ తెలియదు. అతని అజ్ఞానం, మన అజ్ఞానం సరిసమానంగా సాగడమే ఈ కథనంలోని మొదటి నేర్పు. ఆ లోకంలోని ప్రాంతాలకు అబ్సు, కుర్ వంటి ప్రాచీన మెసొపొటేమియా పేర్లు పెట్టడం కూడా యాదృచ్ఛికం కాదు; అవి పాతాళ జలాలకు, మృతలోకానికి సంబంధించిన మాటలు.

ఉర్దూ విభాగంలోని విద్యార్థులకు ఈ వాతావరణం క్రొత్తగా తోచదని నా అభిప్రాయం. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 1883 నుండి సంపుటాలుగా ప్రకటించిన ‘తిలిస్మె హోష్‌రుబా’ దాస్తానును గుర్తు తెచ్చుకోండి. ముహమ్మద్ హుసేన్ జాహ్ మొదలుపెట్టగా అహ్మద్ హుసేన్ ఖమర్ కొనసాగించిన ఆ మహాకథలో తిలిస్మ్ అంటే మాంత్రికుడు సృష్టించిన మాయాప్రపంచం. దానికి తనవైన నియమాలుంటాయి. బలపరాక్రమాలతో దానిని జయించలేరు. దాని కిటుకు చెప్పే ‘లౌహ్’ అనే పలక చేజిక్కాలి. వేషధారి అమర్ అయ్యార్ దగ్గర ఎంత వేసినా నిండని ‘జంబీల్’ సంచి, కప్పుకొంటే అదృశ్యుణ్ణి చేసే ‘గిలీమ్’ ఉంటాయి. ట్రేస్ కూడా దొరికిన సాధనాలన్నీ మోసికొంటూ తిరుగుతాడు. అతని ప్రయోగశాల కోటు ఒకటి మధ్యలో మార్పుచెంది, పలుచని గోడల గుండా దూరిపోయే శక్తినిస్తుంది. సాలీడు వంటి చిన్న యంత్రం ఒకటి అతని ఆజ్ఞతో ఇరుకు బిలాలలోనికి పాకుతుంది. సుద్రా ఒక తిలిస్మ్. దానిని ఛేదించే లౌహ్ మాత్రం ఒక్క పలకగా లేదు; ముక్కలు ముక్కలై లోకమంతటా చెల్లాచెదురై ఉన్నది.

ఆ కోటు దొరికిన రాత్రి నేను క్రొత్త ప్రదేశాల వైపు పోలేదు. మొదటి గుహకు తిరిగి వచ్చాను. ఎన్నోసార్లు ప్రక్కనుండి పోయిన గోడ. దానిలో ఏ మార్పూ లేదు, ఉన్నది నాలోనే. దూకితే అవతల చిన్న గది. గదిలోని వస్తువు చాలా స్వల్పమైనది. ఐనా కలిగిన ఆనందం స్వల్పం కాదు. ఈ ప్రక్రియలో తలుపు మూసి ఉండడం నిరాకరణ కాదు, అసమాపక క్రియ. సమాపక క్రియ ఎక్కడో దూరంగా, వేరొక గదిలో ఉంటుంది. అది దొరికినప్పుడు గాని వాక్యం పూర్తి కాదు.

తెలుగు సాహిత్యంలో ఈ శిల్పానికి సాటి వెదకితే పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ ముందు నిలుస్తుంది. 16వ శతాబ్దంనాటి ఆ కావ్యంలో కళాపూర్ణుని కథ మొదట కేవలం పేరుగా వినవస్తుంది. అదేమిటో తెలిసినవారు చెప్పరు, విన్నవారికి అంతుపట్టదు. నిజమైన రంభ, మాయారంభ, నిజమైన నలకూబరుడు, మాయానలకూబరుడు కలిసి పాఠకుణ్ణి తికమక పెడతారు. ఎన్నో ఆశ్వాసాలు గడిచిన తరువాత, అదీ ఒక పసిబిడ్డ నోటినుండి, పూర్వకథ బయటపడుతుంది. అప్పుడు పాఠకుడు పుటలు వెనుకకు త్రిప్పక తప్పదు. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వవిచారము’లో ఈ కావ్యాన్ని ప్రత్యేకించి చర్చకు పెట్టడం మీకు తెలిసినదే. సూరన పాఠకునిచేత పుటలు త్రిప్పించాడు. హ్యాప్ ఆడేవానిచేత కాళ్ళు త్రిప్పిస్తాడు. భేదం ఒకటున్నది. పుటలు త్రిప్పక పోయినా కావ్యం ముందుకు సాగుతుంది. ఇక్కడ తిరిగి పోనివానికి కథ ఆగిపోతుంది.

ఆటలోని మరొక కల్పన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాత క్యాసెట్లు చెడినప్పుడు తెరమీద బొమ్మలు చెదిరి, అంకెలూ రంగులూ కలగలిసి పోయేవి. అది లోపం. హ్యాప్ ఆ లోపాన్ని ఆయుధంగా మార్చాడు. ట్రేసుకు లభించే ఒక సాధనాన్ని శత్రుజీవిపై ప్రయోగిస్తే దాని రూపమూ నడవడీ చెదిరి వేరొక ప్రాణిగా మారుతుంది. కొన్ని బలహీనమవుతాయి, కొన్ని మనకే ఉపకరిస్తాయి. చెదిరిన నేలపై ప్రయోగిస్తే అది చక్కబడి దారి ఇస్తుంది. మరణం కూడా ఇటువంటిదే. ట్రేస్ మరణించిన ప్రతిసారీ గ్రుడ్డు యంత్రంలో మళ్ళీ పుడతాడు, సంపాదించినవేవీ పోవు. ఆటలన్నిటిలో ఉండే మామూలు సదుపాయమే కదా అని మనం పట్టించుకోము. చచ్చినవాడు మళ్ళీ ఎందుకు పుడుతున్నాడనే ప్రశ్నకు కథ చివరలో భయంకరమైన సమాధానం ఉన్నది. దానిని ఇక్కడ విప్పను. ఆడబోయేవారి హక్కును వ్యాసకర్త హరించరాదు.

నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది భాషకు సంబంధించిన ఘట్టం. సుద్రాలో అక్కడక్కడ లభించే కొన్ని లేఖనాలు అన్యలోకపు భాషలో ఉంటాయి. సంకేతపదాలను నమోదుచేసే పరికరం ఒకటి చేతికి వచ్చి, సరియైన మాట తెలిసినప్పుడు గాని అవి అర్థమయ్యే భాషలోనికి మారవు. మన కళాశాలకు ఉర్దూ మాధ్యమంలోనూ, తెలుగు మాధ్యమంలోనూ చదివిన పిల్లలు వస్తారు. ఇంగ్లీషులో రాసిన కామర్సు పుస్తకం మొదటి నెలలో వారికి సుద్రా లేఖనమే. తెలిసినవాడు చదివేస్తున్నాడు, నాకెందుకు రావడం లేదనే సిగ్గుతో కొందరు మధ్యలోనే మానివేస్తున్నారు. ఈ ఆటలోని లేఖనం ముందు కాన్వెంటు పిల్లవాడూ మన పిల్లవాడూ సమానులు. ఇద్దరికీ అది తెలియని భాషే. రానితనం ఆటలో సిగ్గుపడవలసిన స్థితిగా గాక, ఆట యొక్క ఒక దశగా నిలిచింది. ఐతే మరొక నిజం కూడా చెప్పాలి: ఎల్సెనోవా మాటలు మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి, పైగా దట్టమైన ఇంగ్లీషు. తెలుగుగాని, ఉర్దూగాని ఆ ఆటలో లేవు.

ఆటలో దోషాలు లేకపోలేదు. ఆయుధాలు మితిమీరి ఉన్నాయి. నాలుగైదు తప్ప తక్కినవి అలంకారప్రాయాలు. చివరి భాగంలో శాస్త్ర సంభాషణలు కథను మోయలేని బరువుగా మారాయి. ఏ గదిలో ఏ అడ్డంకి మిగిలిందో పటం చూచి గుర్తుపట్టడం కష్టం. ఈ మూడవది దోషమని విమర్శకులంటారు. అధ్యాపకునిగా నాకది వరమనిపించింది. నోటుపుస్తకంలో గళ్ళు గీసి, మూసిన తలుపులను గుర్తించుకోక తప్పలేదు.

పటం గీయడం మన ఊరివారికి సహజంగా రావలసిన విద్య. ఖిలా వరంగల్‌లో గణపతిదేవుడు ప్రారంభించగా రుద్రమదేవి పూర్తిచేయించిన రాతికోటకు 45 బురుజులున్నాయి. దాని ద్వారాలు మనిషిని తిన్నగా లోపలికి పోనివ్వవు. ఒక వాకిట ప్రవేశించి, ప్రాంగణంలో మలుపు తిరిగి, మరొక వాకిట వెలువడాలి. పరుగెత్తి వచ్చే శత్రువు వేగాన్ని ఆ మలుపు హరిస్తుంది. రోజూ ఆ దారిని పోయేవారికి అది ఉత్త మలుపే. కాగితంపై గీసి చూచినప్పుడు దానిలోని బుద్ధి తెలుస్తుంది.

హైదరాబాదులో వీడియో గేమ్ నిర్మాణం లేకపోలేదు. ఓగర్ హెడ్ అనే చిన్న సంస్థ 2017లో ‘అసుర’ అనే ఆటను అక్కడినుండే విడుదల చేసింది. అది ప్రధానంగా కత్తియుద్ధపు ఆట. మన పురాణాల వాసన గలది. మన పొరుగుననే ఉన్న నిట్‌లో చదివే విద్యార్థికి ప్రోగ్రాము రాసే విద్య అందుబాటులో ఉన్నది. మన విద్యార్థికి ఆ విద్య ఆలస్యంగా అందవచ్చు. కాని అమ్మమ్మ నోట తిలిస్మ్ విన్న బిడ్డకు, తరగతిలో సూరనను చదివిన బిడ్డకు, గదిలో గది, కథలో కథ అమర్చే నేర్పు అప్పటికే సగం అబ్బి ఉంటుంది.

కాలేజీ కమిటీ పెద్దలకు ఒక విన్నపం. గ్రంథాలయంలో ఒక కంప్యూటరును వారానికి రెండు గంటలు ఈ అధ్యయనానికి కేటాయించవలసిందిగా కోరుతున్నాను. ఈ ఆటకు ఖరీదైన యంత్రం అవసరం లేదు. ఒకసారి కొంటే మధ్యలో పైకం అడగదు, ప్రకటనలు చూపదు, ఇంటర్నెట్టు లేకున్నా నడుస్తుంది. ఒకరు ఆడుతూ ఉంటే తక్కినవారు పటం గీయాలి, ఇంకొకరు ఇంగ్లీషు సంభాషణను తెలుగులోనో ఉర్దూలోనో రాయాలి. గంటకొకసారి స్థానాలు మారాలి. పదీ పదిహేను గంటలలో, అనగా ఒక టర్ములో, ఆట ముగుస్తుంది.

ఈ పద్ధతిని నా నోటుపుస్తకం ఆధారంగా తరగతిలో వివరించినప్పుడు ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకామె సొంత ఆటకు పథకం గీసి తెచ్చింది. రంగస్థలం వరంగల్ శివనగర్‌లోని మెట్లబావి. ఎండలు ముదిరి నీరు దిగేకొద్దీ క్రింది అంతస్తు ఒక్కొక్కటే బయటపడుతుంది. క్రింద దొరికిన తాళంచెవి పై అంతస్తులోని గదికి పడుతుంది. వానలు వస్తే మళ్ళీ మునుగుతుంది. మెట్ల లెక్క, తలుపుల స్థానాలు, నీటి గీతలు అన్నీ స్కేలుతో గీసింది. నాయిక తెలుగులో మాట్లాడాలా, ఉర్దూలోనా అనే గడిని మాత్రం ఖాళీగా ఉంచింది.