పొట్టి గుర్రం టెడ్డీ

మనం గుర్రాన్ని ఎక్కడ చూస్తాం? పెండ్లి బరాత్‌లో చూస్తాం. పెండ్లికొడుకు దాని మీద కూర్చుంటాడు. ముందు బ్యాండు మోగుతుంది. ఒకప్పుడు జట్కా బండ్లకు గుర్రాలు కట్టేవారు. ఇప్పుడు ఆ జాగాలో ఆటోలు వచ్చాయి.

ఎత్తు తక్కువ ఉన్న గుర్రాన్ని మన దిక్కు టట్టు అంటారు. ఇంగ్లీషువాళ్లు పోనీ అంటారు. టట్టును చూడగానే చాలామంది ఒకటే మాట అంటారు: "పొట్టిది. దీనితోని ఏమైతది?"

ఈ పాఠం అట్లాంటి ఒక పొట్టి గుర్రం గురించి. అది పెద్ద గుర్రాలతో పోటీ పడింది. గెలిచింది.

గుర్రం ఎత్తు ఎట్లా కొలుస్తారు?

గుర్రాన్ని చదును నేల మీద నిలబెడతారు. తల దాకా కొలవరు. తల పైకీ కిందికీ కదులుతుంది గదా! మెడా వీపూ కలిసే చోటు మూపు. నేల నుంచి మూపు దాకా కొలుస్తారు.

ఈ కొలతకు 'చేయి' అని పేరు. ఒక చేయి అంటే 4 అంగుళాలు. 14 చేతుల 2 అంగుళాలు అంటే 58 అంగుళాలు. అంతకు మించని గుర్రాన్ని పోటీలలో పోనీ అంటారు. పెద్ద పోటీలకు వచ్చే గుర్రాలు చాలావరకు 16 చేతులు ఉంటాయి. అంటే 64 అంగుళాలు. మన గుర్రం 58 అంగుళాలు కూడా లేదు.

దాని పేరు థియొడోర్ ఓకానర్. ముద్దు పేరు టెడ్డీ. 1995లో అమెరికాలో పుట్టింది. ఎర్రని ఒళ్లు. ఎద్దుకు చేసినట్టే వట్టలు కొట్టించిన మగ గుర్రం. దానిలో మూడు జాతుల రక్తం ఉంది. ఒకటి పందెంలో ఉరికే థరోబ్రెడ్ జాతి. రెండోది అలుపు తెలియని అరబ్బీ జాతి. మూడోది షెట్లాండ్ అనే చాలా పొట్టి జాతి.

గుర్రం మీద కూర్చుని నడిపేవారిని రౌతు అంటారు. టెడ్డీని పెద్ద పోటీలకు తీసుకుపోయిన రౌతు ఒక ఆడమనిషి. ఆమె పేరు కారెన్ ఓకానర్.

ఒకే గుర్రానికి మూడు పరీక్షలు

టెడ్డీ ఆడిన ఆటను ఈవెంటింగ్ అంటారు. ఇది ఉత్త పరుగు పందెం కాదు. దీనిలో మూడు పరీక్షలు ఉంటాయి. మూడింటినీ అదే గుర్రం, అదే రౌతు చేయాలి.

మొదటిది నడక పరీక్ష. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న బరిలో గుర్రం ఒద్దికగా నడవాలి. దుడుకు పనికిరాదు. బరి చుట్టూ ఇంగ్లీషు అక్షరాల పలకలు ఉంటాయి. ఏ అక్షరం దగ్గర తిరగాలి, ఏ అక్షరం దగ్గర ఆగాలి అన్నది రౌతు ముందే నేర్చుకుని రావాలి. అక్షరం తప్పితే మార్కులు పోతాయి.

రెండోది అడవి పరుగు. పెద్ద పోటీలో ఆరు కిలోమీటర్ల పైన ఉరకాలి. దారిలో మొద్దులు, కందకాలు, నీటి గుంటలు ఉంటాయి. సుమారు నాలుగు అడుగుల ఎత్తు ఉన్న దుంగలు కదలకుండా పాతి ఉంటాయి. అన్నిటినీ దూకాలి. సుమారు 11 నిమిషాలలో చేరాలి. దీనికి ధైర్యం కావాలి.

మూడోది కట్టెలు దూకే పరీక్ష. రంగు రంగుల కట్టెలను అడ్డంగా పేరుస్తారు. కాలు తగిలితే కట్టె కింద పడుతుంది. ఒక కట్టె పడితే 4 తప్పు మార్కులు. దీనికి జాగ్రత్త కావాలి.

చూడండి! ఒకనాడు ఒద్దిక, ఒకనాడు ధైర్యం, ఒకనాడు జాగ్రత్త. బాగా ఉరికే గుర్రం నెమ్మదిగా నడవదు. నెమ్మదిగా నడిచేది కందకం చూస్తే జంకుతుంది. మూడూ వచ్చిన గుర్రం దొరకడం కష్టం. చివరికి తప్పు మార్కులు ఎవరికి తక్కువ ఉంటే వారే గెలిచినట్టు.

పొట్టిదని ఎవరూ తగ్గించరు

ఈ పోటీలో పొట్టి గుర్రానికి వేరే దుంగలు పెట్టరు. అందరికీ అదే ఎత్తు, అదే దూరం. ఇంకో కష్టం కూడా ఉంది. పెద్ద గుర్రం ఉరికేటప్పుడు ఒక అంగకు సుమారు 12 అడుగులు సాగుతుంది. వెంట వెంట వచ్చే దుంగల మధ్య దూరాన్ని ఆ లెక్కనే పెడతారు. పొట్టి గుర్రం అంగ చిన్నది. అది ఒళ్లు సాచి అంగ పెంచాలి. లేదా ఒక అంగ ఎక్కువ వేసి, తగిన చోటు చూసుకుని దూకాలి. తప్పు లెక్క పడితే దుంగకు గుద్దుకుంటుంది.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అని సామెత ఉంది. అట్లాగని కొరడాతో కొట్టి ఈ ఆట గెలవలేరు. గుర్రాన్ని అతిగా కొడితే పోటీ నుంచే తీసేస్తారు. గెలిపించేది అలవాటు. ముందు చిన్న దుంగ. తర్వాత పెద్ద దుంగ. చిన్న తరగతి పోటీలు దాటితేనే పై తరగతికి రానిస్తారు. మనం అక్షరం నుంచి మాటకు, మాట నుంచి వాక్యానికి వచ్చినట్టే.

టెడ్డీ గెలుపులు

అమెరికాలో కెంటకీ అనే రాష్ట్రం ఉంది. అక్కడ ఏటా ఈ ఆట పెద్ద పోటీ జరుగుతుంది. 2007లో టెడ్డీ అక్కడ పెద్ద గుర్రాల మధ్య మూడో స్థానంలో నిలిచింది.

అదే ఏడు జులైలో బ్రెజిల్ దేశం రియో నగరంలో పాన్ అమెరికన్ ఆటలు జరిగాయి. అవి మన ఆసియా ఆటల వంటివి. టెడ్డీ, కారెన్ ఒంటరి పోటీలో బంగారు పతకం గెలిచారు. జట్టు పోటీలోనూ వాళ్ల దేశానికి బంగారమే వచ్చింది. ఆ ఏడాది అమెరికా గుర్రపు ఆటల సంఘం టెడ్డీని ఆ యేటి మేటి గుర్రంగా ఎంచింది.

ఇంతకు ముందూ ఒక పోనీ పేరు తెచ్చుకుంది. దాని పేరు స్ట్రోలర్. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో కట్టెలు దూకే పోటీలో అది వెండి పతకం తెచ్చింది. దాని రౌతు మారియన్ కోక్స్ కూడా ఆడమనిషే.

ఈ ఆటలో ఆడవారికి, మగవారికి వేరు వేరు పోటీలు లేవు. అందరూ కలిసే ఆడతారు. అయితే 1964 దాకా ఒలింపిక్స్ ఈవెంటింగ్‌లో ఆడవారిని రానివ్వలేదు. ఆ ఏడు అమెరికా నుంచి లానా డుపాంట్ మొదటిసారి ఆడింది. జట్టుతో వెండి పతకం గెలిచింది.

మన దేశం వారూ ఈ ఆటలో ఉన్నారు. 1982లో ఢిల్లీ ఆసియా ఆటలలో రఘుబీర్ సింగ్ బంగారు పతకం గెలిచాడు. 2018లో జకార్తాలో ఫవాద్ మీర్జా వెండి పతకం గెలిచాడు.

ఎత్తు చూసి తీర్పు చెప్పొద్దని మన జిల్లాకూ తెలుసు. సిరికొండ మండలం పాకాల ఊరి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు కొండ ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏండ్లే. పిట్ట కొంచెం, కూత ఘనం.

కాలే ప్రాణం

2008లో చైనా ఒలింపిక్స్ ఉన్నాయి. వాటికి పంపాలనుకున్న గుర్రాలలో టెడ్డీ ఉంది. కానీ ఆ ఏడు మే 28న ఇంటి దగ్గరే ప్రమాదం జరిగింది. టెడ్డీ బెదిరింది. లాయం దిక్కు ఉరికింది. కాలు జారింది. వెనక కాలి స్నాయువులు తెగాయి. స్నాయువు అంటే కండను ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడు వంటిది.

గుర్రానికి కాలు పోతే బతుకు కష్టం. అది పగలూ రాత్రీ ఎక్కువసేపు నిలబడే ఉంటుంది. మనిషిలా నెలల కొద్దీ పడుకోలేదు. ఒక కాలు చెడితే బరువంతా మిగతా కాళ్ల మీద పడుతుంది. అవీ చెడతాయి. టెడ్డీ కాలు మళ్లీ బాగుపడేది కాదని డాక్టర్లు చూశారు. ఇంకా బాధ పడకుండా ప్రాణం పోయేలా చేశారు. దాని వయసు 13 ఏండ్లు.

అందుకే ఈ పోటీలలో ఒక గట్టి నియమం ఉంది. కట్టెలు దూకే ముందు ప్రతి గుర్రాన్నీ పశువుల డాక్టరు, పెద్దలు కలిసి నడిపించి చూస్తారు. కుంటితే అక్కడితో ఆట ఆఖరు. ముందు ఎన్ని మార్కులు వచ్చినా సరే, యజమాని ఎంత బతిమాలినా సరే.

మన ఎడ్లకూ ఇదే న్యాయం. పసుపు తవ్వే కాలంలో పని ఆగదు, నిజమే. అయినా కుంటే ఎద్దుకు కాడి కట్టొద్దు. గిట్టల మధ్య ముల్లు, రాయి ఉన్నాయేమో చూడండి. నోటి నుంచి చొంగ కారుతూ కుంటితే గాలికుంటు కావచ్చు. ఆ పశువును వేరుగా కట్టేయండి. పశువుల డాక్టరుకు చూపించండి.

కొత్త మాటలు

రౌతు: గుర్రం ఎక్కి నడిపేవారు
మూపు: మెడా వీపూ కలిసే చోటు
అంగ: ఒక అడుగులో సాగే దూరం
లాయం: గుర్రాలను కట్టే చోటు

జవాబులు రాయండి

1. టెడ్డీ ఆడిన ఆటలో మూడు పరీక్షలు ఏవి?
2. పొట్టి గుర్రానికి దుంగల మధ్య దూరం ఎందుకు కష్టం?
3. కుంటే గుర్రాన్ని పోటీలో ఏం చేస్తారు?

లెక్క చేయండి

ఒక గుర్రం ఎత్తు 15 చేతులు. అది ఎన్ని అంగుళాలు? దాన్ని పోనీ అనవచ్చా?

మాట్లాడుకోండి

"నీతోని ఏమైతది?" అన్న మాట మీలో ఎవరెవరు విన్నారు? ఎవరు అన్నారు? తర్వాత ఏమైంది? కేంద్రంలో అందరూ చెప్పండి. చెప్పినదాన్ని నాలుగు వాక్యాలలో రాయండి.