మంచు ఆరినంక చేనుకు పో

బిడ్డా,

నువ్వు పంపిన మెసేజి చదివిన. తండా బడిలో ఉద్యోగం బాగనే ఉందట గాని, సాయంత్రం ఆరు కాంగనే ఊరంతా తలుపులు మూసుకుంటున్నదట, చలికి ఏమీ తోస్తలేదట. ఆదివారాలు దేవరకొండ ఖిల్లా ఎక్కినవు, సాగర్ వెనక నీళ్ల కాడ వైజాగ్ కాలనీలో చేపల వేపుడు తిన్నవు. మంచిదే. ఏడు గుట్టల నడుమ రేచర్ల పద్మనాయకులు ఏలిన కోట చూడవలసిందే. కాని అవి హైదరాబాద్ నుంచి కార్లేసుకొని వచ్చేటోళ్లకు కూడా దొరికేవే. ఊరోళ్ల చలికాలం వేరే ఉంటది.

ఆ తలుపులు ఎందుకు మూసుకుంటయో ఆలోచించినవా? మబ్బుల లేచి పనిలో పడ్డోళ్లకు ఆ వేళకే కండ్లు మూతపడ్తయి. చలికాలం అక్కడ తీరిక కాలం కాదు, పంట చేతికొచ్చే కాలం. నువ్వు ఊరిని సాయంత్రం వెతుకుతున్నవు. అది పొద్దుగాల ఉంటది.

తెల్లారకముందే నెగడు కాడికి పో. నిరుటి పత్తికట్టె, కందికట్టె వేసి నలుగురు చేరతరు. ఎవరన్నా పాత టైరు వేయబోతే మాత్రం వద్దను, ఆ పొగ పసిపిల్లలకు మంచిది కాదు. మొదట్ల నిన్ను చూసి టీచరమ్మ వచ్చిందని లేచి నిలబడ్తరు, మాటలు ఆపుతరు. నువ్వు రామ్ రామ్ అని కూర్చో. పెద్దామెను యాడీ, అంటే అమ్మా, అని పిలువు. కొన్నాళ్లకు లేచుడు మానేస్తరు, నువ్వున్నవని మరిచి ఇంటి పంచాయితీ గూడ మాట్లాడుకుంటరు. అప్పటిదాకా ఓపిక పట్టు.

హాజరు పట్టీ చూసి బెంగపడుతున్నవు కదా. పత్తి ఏరుడు మొదలైతే బడి పల్చబడుడు ఆ దిక్కు కొత్త కాదు. ఒక సంగతి తెలుసుకో. మంచు ఆరకముందు పత్తి ఏరరు. తడి పత్తి తూకానికి వస్తది గాని, సీసీఐ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తరు, 12 దాటితే కొననే కొనరు. అందుకే పొద్దెక్కినంక చేనుకు పోతరు. బడి గంట కొట్టకముందు పోతే ఇంటోళ్లు దొరుకుతరు, పిల్లగాని ముచ్చట అడగాల్నంటే అదే వేళ. ఉపన్యాసం మాత్రం చెప్పకు. సెలవు రోజున నువ్వే ఒడి కట్టుకొని ఒక సాలు ఏరు. ఎండిన కాయ మొనలు వేలికొసలను ఎట్ల గీరుతయో తెలిసినంక నీ మాట తీరు మారుతది. తర్వాత బడికి పంపమని అడుగు. పంపుతరని నేను హామీ ఇయ్యలేను గాని, చెప్తే వింటరు.

చేనుకాడ ఉడకబెట్టిన అనపకాయలో, పచ్చి కందికాయలో చేతిల పెడితే కాదనకు, పైసలు తీయకు. నీ ఇంటికి గిన్నెల ఏదన్నా వస్తే ఆ గిన్నె ఖాళీగ తిప్పి పంపకు, నాలుగు రేగుపండ్లు వేసినా చాలు. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం ఆ చలిలో తింటే తెలుస్తది రుచి, ఇంక వర్ణించను.

బత్తాయి తోటల దిక్కు పోతే చెట్లు వడలినట్టు కనబడ్తయి. రైతు పట్టించుకుంటలేడని అనుకోకు. డిసెంబరులో నీళ్లు ఆపి చెట్టును కావాలనే ఎండబెడ్తరు, మళ్లీ పారిచ్చినంక జనవరి, ఫిబ్రవరిలో ఒక్కసారే పూతకొస్తది. ఆ వాసనకు తోట పక్క నుంచి బస్సులో పోతున్నా తల బయటకు పెట్టాలనిపిస్తది. పెట్టకు.

చలి గురించి ఒక మాట. గుట్ట మీదికంటే పల్లంలో వణుకు ఎక్కువ. బరువైన చల్లగాలి రాత్రంతా కిందికి జారి చెరువుకట్ట వెనక నిలబడ్తది. మీ బడి పల్లంలో ఉంటే పొద్దటి ప్రార్థన నీడల పెట్టకు, ముందుగ ఎండ తగిలే బండ పక్కన పెట్టు. సగం మంది పిల్లలకు స్వెట్టర్లుండవు.

నీకు మాత్రం రంగు రంగుల రగ్గు వద్దు, గొంగడి కొనుక్కో. దక్కనీ నల్లగొర్రె బొచ్చుతో కురుమలు నేసేది. ఇప్పుడు మందల్లో నెల్లూరు జీవాలు పెరిగినయి, వాటికి బొచ్చు ఉండదు, అందుకే నేసేటోళ్లు తగ్గిండ్రు. దేవరకొండల ఏ కురుమ పెద్దమనిషిని అడిగినా నేసేటోళ్ల జాడ చెప్తడు. చింతగింజల గంజి పెడ్తరు కాబట్టి మొదట్ల బిరుసుగ ఉంటది, గొర్రె వాసన వస్తది. బేరం ఎక్కువ చేయకు. దాని వెనక ఎన్ని చేతుల పని ఉందో నేసే కాడ కూర్చుంటే తెలుస్తది.

సంక్రాంతికి ముందు మీ ఇంటి ఓనరమ్మ సకినాలు చుట్టబిలుస్తది. రాదు అని తప్పించుకోకు. నీ సుట్టు వంకరపోతే ఆడోళ్లంతా నవ్వుతరు, ఆ నవ్వుల నువ్వూ ఉండు. నూనె కాడ మాత్రం కూర్చోకు, ముందు చుట్టుడు నేర్చుకో.

సెలవులు ఇయ్యంగనే బస్సెక్కుతనని మీ అమ్మతో అన్నవట. భోగి అక్కడనే చేసుకో. పండుగకు ఉమామహేశ్వరం జాతరకు తండా నుంచి ఎవరన్నా పోతుంటే జీపులో నీకూ ఇంత జాగ అడుగు. పండుగ ఎల్లినంక రా. మీ అమ్మకు నేను సర్ది చెప్త, ఆమె కోపం రెండు దినాలే. వచ్చేటప్పుడు అనపకాయలు రెండు కిలోలు పట్టుకరా, ఇక్కడ మార్కెట్ల దొరికేవి ముదిరిపోయినయి.

నీ పెదనాయన