ఒక సరస్సు, నాలుగు కాలాలు: లేక్ టాహో చెప్పే పాఠం



మొన్న జనవరిలో ఏడో తరగతి పాప ఒకతె నాకు ఒక ఫోటో తెచ్చి చూపించింది. కాలిఫోర్నియాలో ఉంటున్న వాళ్ల బాబాయి, పిన్ని, పిల్లలు లేక్ టాహో ఒడ్డున దిగిన ఫోటో. కాళ్ల కింద మోకాలి లోతు మంచు. వెనకాల మాత్రం నీలంగా నీళ్లు. "మేడమ్, చుట్టూ ఇంత మంచు ఉంటే సరస్సు ఎందుకు గడ్డకట్టలేదు?" అని అడిగింది. ఆ రోజు పీరియడ్ మొత్తం ఆ ప్రశ్నకే సరిపోయింది. ఇంకా చెప్పాల్సింది మిగిలింది. అది మీతో పంచుకోవాలనిపించింది.

ముందుగా ఆ సరస్సు గురించి

లేక్ టాహో అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులో, సియెర్రా నెవాడా పర్వతాల మధ్య ఉంది. ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 1,897 మీటర్లు, అంటే మన ఊటీ కంటే కొంచెం తక్కువ. పొడవు సుమారు 35 కిలోమీటర్లు, వెడల్పు 19. అత్యధిక లోతు 501 మీటర్లు. దాదాపు ఏడు కుతుబ్ మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెడితే వచ్చే ఎత్తు అది!

పాప ప్రశ్నకు జవాబు ఆ లోతులోనే ఉంది. పైనున్న నీరు చల్లబడితే సాంద్రత పెరిగి కిందికి దిగుతుంది. దాని స్థానంలోకి కింద ఉన్న కాస్త వెచ్చని నీరు పైకి వస్తుంది. నీటికి సాంద్రత 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యధికం అని పిల్లలు చదువుకుంటారు కదా. అంత లోతున్న సరస్సులో నీరంతా ఆ మాత్రం చల్లబడేలోపే చలికాలం ముగిసిపోతుంది. ఒడ్డున లోతు తక్కువగా ఉన్న చోట్ల అప్పుడప్పుడు మంచు పొర కడుతుంది కానీ, సరస్సు మొత్తం గడ్డకట్టదు.

ఏడాది పొడవునా ఆటలే

చలికాలంలో అక్కడ స్కీయింగ్, స్నోబోర్డింగ్. చిన్న పిల్లలు ప్లాస్టిక్ స్లెడ్ల మీద కూర్చుని వాలు మీంచి జారుతారు. 1960 వింటర్ ఒలింపిక్స్ జరిగింది ఈ సరస్సుకు దగ్గర్లోని లోయలోనే.

వసంతంలో మంచు కరిగి వాగులు పొంగుతాయి. మొత్తం 63 వాగులు, ఏర్లు ఈ సరస్సులోకి వస్తాయి. బయటికి వెళ్లేది ట్రక్కీ నది ఒక్కటే. అది కూడా సముద్రం చేరదు, నెవాడాలోని పిరమిడ్ సరస్సులో ఆగిపోతుంది.

వేసవిలో ఈత, కయాకింగ్, సైక్లింగ్. సరస్సు చుట్టూ ఉన్న కొండల మీదుగా సాగే టాహో రిమ్ ట్రయల్ అనే నడకదారి పొడవు దాదాపు 265 కిలోమీటర్లు.

శరదృతువులో ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు రంగుకు మారతాయి. ఎర్రటి కొకనీ సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి టేలర్ క్రీక్ అనే వాగులోకి ఎదురీదుతూ వస్తాయి. వాటిని చూడటానికి కుటుంబాలతో సహా వస్తారు.

ఆటకు ముందు జాగ్రత్త

వేసవి మొదట్లో ఒడ్డున ఎండ చురుక్కుమంటున్నా, నీళ్లు మాత్రం కరిగిన మంచులా ఉంటాయి. అంత చల్లని నీటిలోకి ఒక్కసారిగా దూకితే మనిషి తనకు తెలియకుండానే గట్టిగా ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈత బాగా వచ్చినవాళ్లకీ ఈ ప్రమాదం ఉంది. కాలిఫోర్నియాలో కదులుతున్న పడవలో 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకోవాలని చట్టమే ఉంది.

మన దగ్గర నీళ్లు అంత చల్లగా ఉండవు. అయినా ప్రతి వేసవి సెలవుల్లో చెరువుల్లో, కాలువల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లినా, బోటింగ్‌కు వెళ్లినా దయచేసి రెండు విషయాలు పాటించండి. పడవ ఎక్కే ప్రతి పిల్లవాడికీ లైఫ్ జాకెట్ ఉండాలి. నీళ్ల దగ్గర పెద్దవాళ్లలో ఒకరు ఫోన్ పక్కన పెట్టి పిల్లల్నే చూస్తూ ఉండాలి.

ఈ చలికాలం ఆట, వచ్చే వేసవి నీళ్లలో

ఇక అసలు పాఠానికి వస్తాను. టాహో నీళ్లు ఎంత స్వచ్ఛంగా ఉన్నాయో శాస్త్రవేత్తలు ఒక తెల్లని పళ్లెంతో కొలుస్తారు. దాని పేరు సెక్కీ డిస్క్. తాడుకు కట్టి నీళ్లలోకి దించుతూ, అది కనిపించకుండా పోయే లోతు రాసుకుంటారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, డేవిస్ వాళ్లు 1968 నుంచి ఈ లెక్క రాస్తున్నారు. ఆ ఏడాది సగటు సుమారు 31 మీటర్లు. ఇటీవలి సంవత్సరాల్లో అది 20 మీటర్ల దరిదాపుల్లో ఉంటోంది.

ఎందుకు తగ్గింది? ఆల్గే పెరగడం ఒక కారణం. కంటికి కనిపించనంత సన్నని ధూళి ఇంకో పెద్ద కారణం. చలికాలంలో స్కీయింగ్‌కు వచ్చే కార్లు జారకుండా మంచు రోడ్ల మీద ఇసుక చల్లుతారు. టైర్ల కింద పడి అది పొడి పొడి అవుతుంది. వసంతంలో మంచు కరిగినప్పుడు, వాన పడినప్పుడు ఆ ధూళి సరస్సులోకి కొట్టుకుపోతుంది. సరస్సులో చేరిన నీటిబొట్టు అక్కడ సగటున 600 ఏళ్లకు పైగా ఉంటుందని అంచనా. అంటే ఆ సరస్సును ఇష్టపడి వచ్చినవాళ్ల వల్లే అది కొంచెం కొంచెంగా మసకబారుతోంది. అందుకే ఇప్పుడు అక్కడ రోడ్లు ఊడ్చే యంత్రాలు పెట్టారు, వాన నీరు సరస్సులో కలిసేముందు నిలిచి తేరుకునేలా గుంటలు తవ్వారు. ఆడుకునే హక్కుతో పాటు కాపాడే బాధ్యత కూడా ఉంటుందని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ నెల ఇంట్లో చేయించండి

1. రెండు గాజు సీసాల్లో నీళ్లు పోయండి. ఒకదానిలో చెంచాడు ఇసుక, రెండోదానిలో చెంచాడు మెత్తని బంకమట్టి వేసి కలపండి.
2. ఒక్కో సీసా వెనక అక్షరాలున్న కాగితం పెట్టి, పదినిమిషాల తర్వాత, గంట తర్వాత, మర్నాడు ఉదయం చదవమనండి.
3. ఏది ముందు తేరుకుంది, ఎందుకు అని పిల్లల చేతే నోట్‌బుక్‌లో రాయించండి. జవాబు మీరు చెప్పకండి.

చివరగా ఒక మాట. కిందటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు "గేమ్స్ పీరియడ్ తీసేసి ఇంకో మ్యాథ్స్ క్లాస్ పెట్టండి మేడమ్" అన్నారు. ఆయన ఆందోళన నాకు అర్థమైంది. ఫీజు కడుతున్నారు, మార్కులు రావాలి. అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. సాంద్రత పాఠం ఆ పాపకు ముందే చెప్పాను, పరీక్షలో మార్కులూ వచ్చాయి. కానీ ఆ పాఠం మీద మొదటి ప్రశ్న అడిగింది మాత్రం మంచులో ఆడుకుంటున్న అన్నయ్యల ఫోటో చూశాకే. ఆదివారం ఒక్క గంట మీ పిల్లలతో దగ్గర్లోని చెరువు గట్టు మీద నడవండి. అదే గట్టుకు ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి వెళ్లండి. ఏం మారిందో వాళ్లనే చెప్పమనండి. వాళ్లడిగే ప్రశ్నలు సోమవారం క్లాసుకు పంపించండి. నేను ఎదురుచూస్తుంటాను.

మీ
సైన్స్ టీచర్, ఏడో తరగతి