స్మృతిభ్రంశం – సహధర్మచారి వేదన

వివాహ సంస్కారంలో సప్తపది ప్రధానాంగం. అన్నం, బలం మొదలైన వాటి కొరకు ఆరడుగులు వేయించి, ఏడవ అడుగును సఖ్యం కొరకు వేయిస్తారు. ఆ సఖ్యంలో యాభై సంవత్సరాలు గడిపిన దంపతులలో ఒకరు రెండవవారిని చూచి "మీరెవరండీ?" అని అడిగితే, ఆ రెండవవారి మనస్సు ఏమవుతుంది? వైద్యులు డిమెన్షియా అనే ఈ వ్యాధి మన దేశంలో అరుదైనది కాదు. 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది దీనితో బాధపడుతున్నారని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. రోగిని గురించి అందరూ అడుగుతారు. సేవ చేసేవారిని గురించి అడిగేవారు తక్కువ. ఈ నెల వారిని గురించే విచారిద్దాం.

సంస్కారం నుండి పుట్టే జ్ఞానమే స్మృతి అని తర్కశాస్త్రం చెప్తుంది. అల్జీమర్స్ వంటి వ్యాధిలో క్రొత్త అనుభవం సంస్కారంగా నిలువదు, పాతవి చాలాకాలం నిలుస్తాయి. ఉదయం ఫలహారం చేసిన సంగతి గుర్తులేనివారు బాల్యంలో నేర్చిన సంధ్యావందన మంత్రాలను తడబడక చెప్పగలగటం ఇందువల్లనే. అది చూచి "కావాలనే నటిస్తున్నారు" అనే బంధువులు ఉంటారు. అది రోగికీ ఇల్లాలికీ కూడా అన్యాయం.

భరతముని నాట్యశాస్త్రంలో కరుణకూ విప్రలంభానికీ భేదం చెప్పాడు. రెండింటిలోనూ కన్నీరే. మరల కలుస్తామన్న ఆశ విప్రలంభంలో ఉంటుంది, కరుణలో ఉండదు. మరి మతి తప్పిన భర్త ప్రక్కన కూర్చున్న ఇల్లాలి దుఃఖం దేనికి చెందుతుంది? మనిషి ఎదుటనే ఉన్నాడు, కనుక కరుణ అనలేము. పూర్వపు మనిషి తిరిగి వస్తాడన్న ఆశ లేదు, కనుక విప్రలంభమనీ అనలేము. ఇంతలో ఒకనాడు ఆయన హఠాత్తుగా ఆమెను ముద్దుపేరుతో పిలుస్తాడు. లేని ఆశ చిగురిస్తుంది. మరునాటికి మళ్ళీ "మీరెవరు?" ఈ దుఃఖానికి లోకంలో ఆచారం కూడా లేదు. మరణం సంభవించిన ఇంటికి పరామర్శకు పదిమంది వస్తారు, ఏడవటానికి అనుమతి ఉంటుంది. ఈ ఇంటికి ఎవరూ రారు. పైగా "సుమంగళివి, ఏడవరాదమ్మా" అని నోరు నొక్కే పెద్దలూ ఉన్నారు. ఏడవనివ్వాలి. బ్రతికి ఉన్నవారి కొరకు శోకించటం అమంగళం కాదు.

ప్రవచనం ముగిసిన తరువాత కొందరు తల్లులు ప్రక్కకు వచ్చి మెల్లగా అడిగే ప్రశ్నలు రెండున్నాయి. "ఒకే మాట ఇరవైసార్లు అడిగితే కసురుకున్నాను. పాపం కాదా పంతులుగారూ?" నిద్రలేని శరీరం నుండి వచ్చిన మాటా, ద్వేషం నుండి వచ్చిన మాటా సమానం కావు. వైద్యులు చెప్పే సంగతి ఒకటి ఉంది. రోగి మాటను మరచినా, దానివలన కలిగిన భయమో ఊరటో కొంతసేపు నిలుస్తుంది. కనుక కసరిన తరువాత చేయి పట్టుకొని మెల్లగా పలికిన రెండు మాటలు వృథా పోవు. తగిన ప్రాయశ్చిత్తం అదే, ఉపవాసాలు అక్కరలేదు.

రెండవది: "ఎప్పుడో కాలం చేసిన అత్తయ్యగారు ఏరీ అని అడుగుతారు. ఊరెళ్ళారని అబద్ధం చెప్పవచ్చునా?" ప్రాణులకు హాని చేసే వాక్కును యోగసూత్రాల వ్యాసభాష్యం సత్యంగా అంగీకరించలేదు. మరణవార్త చెప్పిన ప్రతిసారీ ఆయనకు అది క్రొత్త మరణమే. అట్లని అబద్ధమాడవలసిన అవసరమూ లేదు. "అత్తయ్యగారి చేతి పులుసు మీకెంత ఇష్టమో!" అనండి. చాలాసార్లు ఆయన ఆ మాట పట్టుకొని తల్లి ముచ్చట్లలో పడతారు.

గాంధారి కళ్ళకు గంతలు కట్టుకొన్న కథను పాతివ్రత్యానికి ఉదాహరణగా చెప్తాము. ఆమె మహత్త్వాన్ని తక్కువ చేయను. కాని అంధుడైన భర్తకు కావలసినవి చూచే కళ్ళు. నిద్ర మాని, తన రక్తపోటు మాత్రలు మాని, గుడికి రావటం మాని, పుట్టింటి శుభకార్యాలు మాని సేవ చేసే ఇల్లాలు ఆ గంతలే కట్టుకొంటున్నదని నా అభిప్రాయం. ఇంట్లో రోగులు ఇద్దరవుతారు. పురుషుల సంగతి మరొక రీతి. డెబ్బై ఏండ్లు దాటాక భార్యకు జడ అల్లటం, పథ్యం వండటం నేర్చుకొన్న భర్తలున్నారు. వారు ఎవరితోనూ చెప్పుకోరు, అరుగు మీద కూర్చున్నా రాజకీయాలే మాట్లాడతారు.

సహాయం అడగటం సేవాలోపం కాదు. పగలు కొన్ని గంటలకు మనిషిని పెట్టుకోవటమూ కాదు. వృద్ధుల కొరకు ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ సంఖ్య 14567. మనోవేదన చెప్పుకొనటానికి టెలీ మానస్ 14416 ఉన్నది, తెలుగులోనే మాట్లాడవచ్చు. రెండింటికీ రుసుము లేదు. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి తప్పితే వైద్యుని చూడాలి. బ్రతుకు వద్దనిపిస్తే ఆ రోజే చెప్పాలి.

అన్నదానానికీ గోసేవకూ ఉదారంగా ఇచ్చే భక్తులకు ఒక మనవి. మీ వీధిలో ఇటువంటి ఇల్లు ఉంటే "ఏమైనా కావాలంటే చెప్పండి" అని ఊరుకోకండి. "శనివారం తొమ్మిదింటికి వచ్చి ఆయన దగ్గర కూర్చుంటాను, మీరు దర్శనం చేసుకొని రండి" అనండి. సాయంకాలం ఈ రోగులలో చాలామందికి కలవరం హెచ్చుతుంది, కనుక ఉదయమే మేలు. ఆయన పాత సంగతి ఒకటే మళ్ళీ మళ్ళీ చెప్తే, మొదటిసారి విన్నట్లే వినండి.